ఎర్రన్న నడక

హేమ ఉద్యోగం మనుషుల్ని లెక్కపెట్టడం. తాడిపత్రి పెద్ద బజారులో నడిచేవాళ్లకు పక్కన బాట వేయాలంటే ముందు ఏ వేళకు ఎంతమంది నడుస్తున్నారో తేలాలన్నారు. ఆ లెక్క తీసే పని బెంగుళూరు కంపెనీ ఒకటి ఒప్పుకుంది. కరెంటు స్తంభాలకు కెమెరాలు కట్టారు. కంప్యూటరు తెర మీద రోడ్డుకు అడ్డంగా ఒక ఎర్రగీత కనిపిస్తుంది. దాన్ని ఎవరు దాటినా మిషను ఒకటి కలుపుకుంటుంది. మిషను సరిగ్గా కలుపుతోందో లేదో చూడటానికి మందుల షాపు పైగదిలో కూర్చుని, రికార్డు తిరగేసి తన లెక్కతో సరిపోల్చేది హేమ. డిగ్రీ అయిన రెండేళ్లకు దొరికిన పని.

"మొగాలు కనపడవమ్మా," అని చేరిన రోజే చెప్పాడు మేనేజరు సోమశేఖర్. "మిషనే చెరిపేస్తాది. ఎవురి గుట్టూ మనకొద్దు. తలకాయల లెక్క వస్తే చాలు."

నిజమే. తెర మీద ఒక్కరికీ మొహం ఉండదు, మెడ మీద మసక తప్ప. మొదటి నెలంతా హేమ బస్టాండు దగ్గరి రికార్డు చూసింది. వచ్చేవాళ్లు వస్తుంటారు, పోయేవాళ్లు పోతుంటారు. రెండో నెలలో పెద్ద బజారు ఆమెకు వచ్చింది. మూడో రోజు, పొద్దున పదిన్నరప్పటి రికార్డులో గీత దాటుతున్న ఒక మనిషిని చూసి ఆమె చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది.

మొహం లేదు. అక్కర్లేదు కూడా. ఇరవై ఆరేళ్లు బండలు మోసి కుంగిపోయిన ఎడమ భుజం, అదే వైపు కాస్త ఈడ్చే కాలు, చేతిలో బట్టల షాపు పసుపు సంచి. ఆ సంచిలో క్యారియరు ఉంటుంది. రోజూ ఏడింటికల్లా అందులో సంగటి, ఊరిబిండి పెట్టి నాయన చేతికి ఇచ్చేది తనే.

ఆ వేళకు నాయన ఎర్రన్న ఊరి బయట బండల పాలిషు ఫ్యాక్టరీలో ఉండాలి.

పన్నెండు నిమిషాలకు ఆయన అటునుంచి తిరిగొచ్చాడు. కాసేపటికి మళ్లీ ఇటునుంచి. హేమ రికార్డును సాయంత్రం దాకా జరిపి చూసింది. ఒంటిగంటకు మూసి ఉన్న అంగడి మెట్ల మీద కూర్చుని, గోడవైపు తిరిగి అన్నం తిన్నాడు. తిన్న వెంటనే లేచాడు. ఆ ఒక్కరోజే గీతను ముప్పై ఒక్కసారి దాటాడు. మిషనుకు ఆయన ముప్పై ఒక్కమంది.

సాయంత్రం ఇంటికి పోతే ఎర్రన్న ఎప్పటిలాగే బయట కాళ్లు కడుక్కుంటున్నాడు.

"ఈ పొద్దు లోడ్లు ఎక్కువమ్మా," అన్నాడు. అనగానే దగ్గు తెర వచ్చింది. గోడ పట్టుకుని వంగిపోయాడు.

హేమ నీళ్లచెంబు అందించింది. అడుగుదామని నోటిదాకా వచ్చిన మాట ఆ దగ్గు చూసి వెనక్కి పోయింది. పొద్దున లేచి మళ్లీ సంగటి కెలికింది, మళ్లీ క్యారియరు కట్టింది. ఆఫీసులో మాత్రం నాయన దాటిన ప్రతిసారీ లెక్కలోంచి తీసేసి, పక్కన గడిలో "మిషను తప్పు" అని రాసింది. ఆయన తెర మీద ఉన్నాడన్న సంగతి తనతోనే ఆగిపోవాలని ఆమె ఆశ.

ఆ రాతే కొంప ముంచింది. మిషను బాగోగులు చూసే కుర్రాడు ప్రవీణ్. రోజూ ముప్పై తప్పులేమిటా అని వెతికి చూశాడు. చూస్తే తప్పు మిషనుది కాదు, ఒకే మనిషి. అతనికి నవ్వొచ్చింది. ఆ నడకలన్నీ ఒకచోట చేర్చి, వేగం పెంచి, వెనక నవ్వుల చప్పుడు పెట్టి, "ఒక్కడే ముప్పై మంది" అని రాసి స్నేహితుల గ్రూపులో పడేశాడు. తర్వాత హేమకు కూడా ఫోను చూపించాడు.

"తీసెయ్ ప్రవీణ్. ఇప్పుడే తీసెయ్."

"ఏమైందక్కా? మొగం కనపళ్లేదు గదా."

"ఆ మనిషి మా నాయన."

ప్రవీణ్ నవ్వు ఆరిపోయింది. గబగబా తీసేశాడు. అప్పటికే ఎవరో ఇంకెవరికో పంపారు. తాడిపత్రిలో బండలు మోసిన భుజాలు వేలకొద్దీ ఉన్నాయి గానీ, ఆ నడక ఎవరిదో బజారులో వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

రెండు రోజుల తర్వాత ఆమె ఇంటికి వచ్చేసరికి ఎర్రన్న లోపలి గదిలో నేల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పసుపు సంచి, విప్పని క్యారియరు.

"మీ ఆఫీసుదేనంట గదా అది?" అన్నాడు తల ఎత్తకుండా.

"అవును నాయనా."

"నువ్వు చూసినావా?"

"చూసినా."

"ఎప్పుట్నుంచి?"

"తొమ్మిది దినాలాయె."

"తొమ్మిది దినాలు," అన్నాడు ఎర్రన్న. "తెలిసే క్యారియరు కట్టిచ్చినావు."

"ఎట్ల అడగాల్నో తెలీలేదు."

"నాకూ ఎట్ల చెప్పాల్నో తెలీలేదులే. దగ్గుతాండావు, బండ ఎత్తలేకుండావు, ఇంటికాడ ఉండుపో అన్నారు. రెండు నెలలాయె. యాడన్నా కూర్చుంటే, ఏమప్పా పనికి పోలేదా అంటారు. నడిచేటోన్ని ఎవురూ అడగరు. ఏదో పని మీద పోతాండాడు అనుకుంటారు. అందుకే నడిచినా." ఊపిరి కోసం ఆగాడు. "ఈ పొద్దు టీ అంగడి వీరప్ప అందరి ముందర ఫోను నా మొగాన పెట్టినాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా."

హేమ ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోబోయింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కోపంతో కాదు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున నారాయణమ్మ బట్టలు ఉతుకుతూ కూతుర్ని పిలిచింది.

"నాకు తెలుసులే మే," అంది గొంతు తగ్గించి. "మీ నాయన చొక్కాలు ఉతికేది నేను గదా. ముందంతా పిండితే నీళ్లు సున్నం మాదిరి వచ్చేవి. రెండు నెలలాయె, చొక్కాలో రాతిపొడే లేదు."

"మరి అడగలేదేమ్మా?"

"మీ నాయనే చెప్తాడని చూస్తాంటి. ఇంగ నాలుగు దినాలుంటే చెప్పేటోడే. అంతలోకే ఊరు చెప్పె." చొక్కాను బండకేసి గట్టిగా బాదింది.

హేమ సోమశేఖర్ దగ్గరికి వెళ్లి నిలదీసింది. ఆయన ప్రవీణ్‌ను పిలిచి ఆమె ముందే తిట్టాడు, రికార్డులోంచి ఆ రోజులన్నీ చెరిపించాడు.

"ఇంతకుమించి నేనేం చేయాలమ్మా? పేరు చెప్పలేదు, మొగం చూపీలేదు. పద్ధతి ప్రకారం మనది తప్పు కాదంటారు పైవాళ్లు. జనం ఫోన్లలోకి పోయినదాన్ని నేను యాడికని పోయి తెచ్చేది?"

ఆ తర్వాత ఎర్రన్న బజారు ముఖం చూడలేదు. గడప దాటడమే మానేశాడు. దగ్గు మాత్రం ఎక్కువైంది. హేమ బతిమాలి బతిమాలి పెద్దాసుపత్రికి బయల్దేరదీసింది. ఆటో వద్దన్నాడు, ఆటోలు పెద్ద బజారు మీదుగానే పోతాయని. ఏ స్తంభానికి కెమెరా ఉందో హేమకు కంఠతా వచ్చు. అవేవీ లేని సందుల్లోంచి, రైలుకట్ట వెనకనుంచి చుట్టూ తిప్పి తీసుకుపోయింది. పావుగంట దారికి గంట పట్టింది. ప్రతి మలుపులోనూ ఎర్రన్న ఆగి, ఏదో ఒక గోడకు చెయ్యి ఆనించి, "ఈడ లేవు గదా?" అని అడిగాడు.

"లేవు నాయనా."

డాక్టరు ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూసి, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పేరుకుందన్నాడు. రెండేళ్ల ముందు వచ్చి ఉండాల్సిందన్నాడు.

చలికాలం వచ్చేసరికి ఎర్రన్న మంచం దిగలేకపోయాడు. ఒక సాయంత్రం హేమ ఆఫీసు నుంచి రాగానే, "బజార్లో జనం ఎట్లుండారు?" అని అడిగాడు. అంతదాకా ఆ పని పేరెత్తనివ్వలేదు ఆయన. ఆమె మంచం పట్టె మీద కూర్చుని చెప్పింది. దానిమ్మకాయల బండ్లు దిగినాయి. పాత్రల అంగడాయన కొత్త బోర్డు కట్టినాడు. సంతకొచ్చిన ఆడోళ్లు గాజుల అంగడికాడ గంట బేరం చేసి ఏమీ కొనకుండా పోయినారు. ఎర్రన్న కళ్లు మూసుకుని విన్నాడు.

"పొద్దుపోకే నడిచినాననుకుంటివా," అన్నాడు. "రెండు దినాలు పోయినాక నాకూ బాగనే ఉండె మే. ఇరవై ఆరేండ్లు నేను పగటిపూట బజారు చూడలేదు."

అప్పటినుంచి రోజూ అడిగేవాడు. హేమ రోజూ చెప్పేది. చెప్పడానికి ఏమీ లేని రోజు కల్పించి చెప్పేది.

మాఘమాసంలో ఒక పొద్దున, నారాయణమ్మ కాఫీ తెచ్చేలోగా, ఎర్రన్న పోయాడు. పాడె పెద్ద బజారు మీదుగానే పోయింది, శ్మశానానికి వేరే దారి లేదు. వీరప్ప టీ అంగడి మూసి, తల వంచుకుని వెనక నడిచాడు.

పెద్దదినం అయిపోగానే హేమ పనికి పోయింది. ఇంట్లో సంపాదించేది ఇక ఆమె ఒక్కతే. పెద్ద బజారు వేరేవాళ్లకు ఇవ్వమని సోమశేఖర్‌ను అడిగింది. ఆయన మారుమాట్లాడకుండా ఆమెకు రైలుగేటు దగ్గరి రికార్డు ఇచ్చాడు.