పొయ్యి ముట్టించని ఇల్లు

మా తమ్ముడు ఐలేష్ ఫోటో ఇబ్రహీంపట్నం చౌరస్తాలో ఫ్లెక్సీ మీదికి రెండుసార్లు ఎక్కింది. మొదటిసారి ఎవరెస్టుకు బయల్దేరినప్పుడు, 'విజయీభవ' అని. రెండోసారి వాడు చనిపోయాడని తెలిసిన మర్నాడు, 'అశ్రునివాళి' అని. ఫోటో అదే, నవ్వు అదే, చుట్టూ పెద్దమనుషుల తలకాయలు కూడా అవే. అక్షరాలు మాత్రం మార్చారు. కంపెనీ బస్సులోంచి అది చూసినప్పుడు నాకు ఒళ్లు మండాలి. మండలేదు. ఏడుపు కూడా రాలేదు. రావిర్యాల దగ్గర బస్సు దిగి, సాయంత్రం దాకా డబ్బాలకు లేబుళ్లు అతికించి ఇంటికి వచ్చాను. ఒక్కటీ వంకర పోలేదు.

"చావైన ఇంట్లకెళ్లి పనికి పోతున్నవా నర్మదా?" అని వాడకట్టులో ఒకామె ముక్కున వేలేసుకుంది. ఇంట్లో ఉండి ఏం చేయాలో ఆమె చెప్పలేదు. చావిల్లంటే శవం ఉండాలి, డప్పు ఉండాలి, మీద పడి ఏడవడానికి మనిషి ఉండాలి. మా ఇంట్లో ఒక ఫోన్ ఉంది. అందరం దాన్ని చూస్తూ కూర్చున్నాం.

మేం చేపలు పట్టేవాళ్లం. మా బాపు కాశయ్యను పోలీసులు ఇంకో పనికి కూడా పిలుస్తారు, చెరువులో ఎవరైనా మునిగితే శవం తీయడానికి. 'గజ ఈతగాళ్ల సాయంతో వెలికితీశారు' అని పేపర్లో చివరన ఒక ముక్క ఉంటుంది చూడండి, ఆ ముక్క మా బాపే. బాపు శవం కోసం నీళ్లలో దిగాడంటే మా అమ్మ సిద్దమ్మ పొయ్యి ముట్టించదు. మండుతున్నదైనా ఆర్పేస్తుంది. "పైకొచ్చిండు" అని కట్ట మీది నుంచి కబురు వచ్చాకే మళ్లీ మంట. మా నాయనమ్మ కట్టెల పొయ్యి దగ్గర అట్లా చేసేదట. అమ్మ గ్యాసు పొయ్యి దగ్గర కూడా అదే పాటిస్తుంది. చిన్నప్పుడు ఆకలికి తాళలేక ఈ ఆచారాన్ని తెగ తిట్టుకునేదాన్ని.

ఐలేష్ శిఖరం కింద చిక్కుకుపోయాడని ఫోన్ వచ్చినప్పుడు అమ్మ టమాట కూర వండుతోంది. చెయ్యి చాపి పొయ్యి ఆర్పేసింది. ఆ తర్వాత, చనిపోయాడని చెప్పారు. అయినా ముట్టించలేదు. "వాడు కిందికి రాలే కద" అంది. సగం ఉడికిన కూర అట్లే పాడైంది, నేనే తీసి పారబోశాను. ఇరుగుపొరుగు తెచ్చిన అన్నం తిన్నాం. దాని రుచి నాకు తెలియలేదు.

ఐలేష్‌ను కొండకు పంపింది వాడు చదివిన శేరిగూడ ఇంజనీరింగ్ కాలేజీ. భువనగిరి గుట్ట మీద తాళ్లు పట్టుకుని ఎక్కడం నేర్చుకున్న పిల్లవాడి చేతికి కాలేజీ జెండా ఇచ్చి, ఎవరెస్టు మీద ఎగరేసి ఫోటో దిగమన్నారు. బలవంతం చేశారని అనను. వాడికి కొండల పిచ్చి పట్టి అప్పటికే చాలా కాలమైంది. నీళ్లలో పుట్టినోనికి కొండలెందుకురా అని బాపు అడిగితే, "నువ్వు కిందికి పోతవ్, నేను మీదికి పోత" అని నవ్వేవాడు.

కాలేజీ సెక్రటరీ మా ఇంటికి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

"కాశన్నా, ఖర్చు మొత్తం మాదే. ఆరుగురు షేర్పాలు మీదికి పోయి బాడీని తెస్తరు. మీరు ఊ అంటే చాలు. కాని రేపు పొద్దున వరకు చెప్పాలె. తర్వాత గాలి మొదలైతదంట, ఇగ ఈ ఏడు ఎవ్వరు పోరు. చౌరస్తా కాడికెళ్లి ఊరేగింపు తీద్దాం. మన పిలగాడు మామూలోడు కాదు."

"వాళ్లకేమన్న అయితే?" అన్నాడు బాపు.

"వాళ్లకు అలవాటే అన్నా. వాళ్ల పనే గది."

బాపు గడప మీద కూర్చున్న మా చిన్నమ్మ యాదలక్ష్మి వైపు చూశాడు. ఆమె మెట్టెలు లేని తన కాలివేళ్లను చూసుకుంటోంది.

యాదలక్ష్మి మా చిన్నబాపు బాలేష్ భార్య. చిన్నబాపుకు కూడా అలవాటే. ఒక వానాకాలం ఎవరో కాలేజీ పిల్లవాడు ఫోటోల కోసం చెరువులో దిగి తూము దగ్గర మునిగాడు. తూము గుంజుతోంది, నీళ్లు కట్టేశాక దిగుదామని బాపు అన్నాడు. ఆ పిల్లవాడి తండ్రి ఎక్కడి నుంచో పరిగెత్తుకొచ్చి బురదలో బాపు కాళ్లు పట్టుకున్నాడు. "నా కొడుకు మొకం ఒక్కసారి చూపియ్యన్నా" అన్నాడు. బాపు మనసు కరిగింది. బాపుకు అప్పుడు భుజం నొప్పి, అందుకని తమ్ముణ్ణి దింపాడు. చిన్నబాపు ఆ పిల్లవాణ్ణి తాడుకు కట్టి మీదికి పంపాడు, తను తూములో ఇరుక్కుపోయాడు. ఆ సాయంత్రం కట్ట మీద రెండు శవాలు పడుకోబెట్టారు. చిన్నమ్మ ఆ రోజు ఆర్పిన పొయ్యిని మళ్లీ ముట్టించలేదు. అప్పటి నుంచి మాతోనే తింటోంది.

సెక్రటరీ పోయాక అమ్మ నోరు తెరిచింది.

"తెమ్మను. నా కొడుకు గా మంచుల పడి ఉండుడేంది? తెమ్మను."

"సిద్దమ్మా, జర ఆలోచన చెయ్యి" అన్నాడు బాపు.

"ఏం ఆలోచన? మూడోనాడు దాటిపోయింది. పిట్టకు యాడ పెట్టాలె చెప్పు. చెరువు కట్ట మీదనా? చౌరస్తల ఫ్లెక్సీ కిందనా?"

మాలో మూడోనాడు, పోయినవాణ్ణి పూడ్చిపెట్టిన చోట వాడికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముడితే వాడికి ముట్టినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని మళ్లీ మళ్లీ మొక్కుతాం. పెట్టిన చోటే లేనివాడికి విస్తరి ఎక్కడ వేయాలో వాడకట్టులో పెద్దవాళ్లకు కూడా తెలియలేదు. తలా ఒక మాట చెప్పి పోయారు.

బాపు మాట్లాడకపోయేసరికి అమ్మ కోపమంతా గడప మీదికి మళ్లింది. "నీకేం యాదీ, నీ మొగని మొకమన్న దొరికింది నీకు."

నేను ఉలిక్కిపడ్డాను. చిన్నమ్మ మాత్రం కదలలేదు.

"అవ్ అక్కా, దొరికింది. ఆ పిలగాని తండ్రికి కూడ దొరికింది. ఇద్దరి మొకాలు దొరికినయ్. ఆగమంటే ఆగి ఉంటే ఒక్కడు బతికి ఉంటుండె" అంది.

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బాపు లేచి బయటికి పోయి, ఎండిన వలను మడత విప్పి మళ్లీ మడతపెట్టాడు. ఎవరి మీద జాలి పడాలో నాకు తెలియలేదు. ఎవరి మీదా పడలేకపోయాను.

పొద్దు గూకే వేళకు ఫోన్ మోగింది. నిమా, కొండ మీద ఐలేష్ వెంట ఉన్న షేర్పా. బేస్ క్యాంపు నుంచి వీడియో కాల్. నా వయసే ఉంటుంది. ముక్కు మీద చర్మం నల్లగా కమిలింది, కుడిచేతి వేళ్లకు కట్లు ఉన్నాయి. హిందీలో మాట్లాడాడు. మా ఇంట్లో అందరికీ ఎంతో కొంత వస్తుంది.

వెనక్కి పోదామని చాలాసార్లు చెప్పానన్నాడు. ఐలేష్ జాకెట్ లోంచి జెండా తీసి చూపించి, ఇంకొంచెమే కదా, అక్కడ అందరూ ఎదురుచూస్తున్నారు అన్నాడట. దిగేటప్పుడు కాళ్లు ఆడలేదు. సిలిండర్లో ఆక్సిజన్ అయిపోయింది. నిమా తనదాన్ని కాసేపు వాడికి పెట్టాడు. మాటకు పలకడం మానేశాక కూడా పక్కనే కూర్చున్నాడు.

"వదిలిపెట్టి వచ్చినవా?" అని అమ్మ అడిగింది. దాన్ని హిందీలో చెప్పడానికి నాకు నోరు రాలేదు. అమ్మే వచ్చీరాని హిందీలో మళ్లీ అడిగింది.

"అవునమ్మా" అన్నాడు నిమా. "వదిలిపెట్టి వచ్చాను."

సాకు చెప్పలేదు. కళ్లు దించుకోలేదు. కాసేపటికి తనే అన్నాడు, రేపు తెల్లారి మేం మీదికి పోతాం, ఆరుగురిలో నేనూ ఉన్నాను, వాడెక్కడున్నాడో నాకే తెలుసు, మీరు సరేనంటే తెస్తాం అని.

బాపు ఫోన్ దగ్గరికి వంగాడు. "చేతులు గట్లున్నయ్, తాడెట్ల పడతవ్ బిడ్డా?" అన్నాడు తెలుగులోనే. నేను హిందీలో చెప్పాను. నిమా కట్లు చూసుకుని, పడతాను అన్నాడు.

అమ్మ ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది. "ఇంట్ల ఎవరున్నరు?"

"భార్య. చిన్న పాప."

"మల్ల మీదికి పోతున్నవని నీ భార్యకు చెప్పినవా?"

గాలికి గుడారం కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

"చెప్పలేదమ్మా. చెబితే దీపం పెట్టుకుని దాని ముందు కూర్చుంటుంది. నేను దిగేదాకా తిండి తినదు" అన్నాడు నిమా.

అమ్మ తల తిప్పి వంటింట్లోకి చూసింది. నేనూ చూశాను. పొయ్యి మీద ఏమీ లేదు. బర్నర్ల చుట్టూ కూర మరకలు ఎండిపోయి ఉన్నాయి. పక్కన నిలబడ్డ చిన్నమ్మ వైపు అమ్మ చూడలేదు గానీ, చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఒద్దు" అంది అమ్మ. "పోకు బిడ్డా. నా కొడుకు ఆడనే ఉండనీ."

బాపు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. కట్ట మీద రెండు శవాలను మోసిన మనిషి, ఆ రోజు కూడా నిలబడే ఉన్నాడని చెప్తారు. ఆయన ఏడుస్తుంటే నేను చూడటం అదే మొదటిసారి. నేను లేచి నీళ్లు తెచ్చి ఇచ్చాను. అంతకంటే ఏమీ చేయబుద్ధి కాలేదు.

అమ్మ ఇంకా ఫోన్ పెట్టేయలేదు. "గా కొండ మీద పిట్టలుంటయా?" అని అడిగింది.

నిమాకు మొదట అర్థం కాలేదు. ఉంటాయన్నాడు. నల్లటివి, పసుపు ముక్కువి. మీద క్యాంపుల దాకా ఎగురుతాయి, సంచులు చించి తిండి ఎత్తుకుపోతాయి అన్నాడు. అమ్మ మూడోనాటి సంగతి చెప్పింది. నేను దాన్ని హిందీలో విడమరిచి చెప్పాను. కొండ ఎక్కొద్దు, ఉన్నచోటనే పెట్టు అని అమ్మ మరీ మరీ చెప్పించింది.

మర్నాడు సెక్రటరీకి బాపు వద్దని చెప్పాడు. "మంచి అవకాశం పోగొడుతున్నవన్నా" అన్నాడాయన. దేనికి అవకాశమో చెప్పలేదు. నేను ఫోన్ అందుకుని అడుగుదామనుకున్నాను. ఓపిక లేకపోయింది.

మధ్యాహ్నం నిమా వీడియో కాల్ చేశాడు. ఒక రాయి మీద పళ్లెం పెట్టాడు. అన్నం, ఉడికిన గుడ్డు, బిస్కెట్లు. ఐలేష్‌కు చేపలంటే ప్రాణమని తెలుసు కాబట్టి డబ్బాలో వచ్చే చేప తీసి పెట్టాడు. "డబ్బల చాప వాడు ముట్టడు" అంది అమ్మ. "పెట్టనియ్యవే" అన్నాడు బాపు. నిమా ఫోన్‌ను రాళ్ల మధ్య ఆనించి దూరంగా పోయి నిలబడ్డాడు. మేం నలుగురం ఇంట్లో చెప్పులు విడిచి నిలబడ్డాం. పళ్లెం వెనక రంగు గుడారాలు, వాటి వెనక మంచు. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఒక నల్ల పిట్ట దిగింది, పసుపు ముక్కుది. అటూ ఇటూ గెంతి, అన్నాన్ని వదిలేసి చేప ముక్కను ముక్కున కరుచుకుని మీదికి ఎగిరిపోయింది.

"ముట్టింది" అంది చిన్నమ్మ.

ఆ పూట అమ్మ పొయ్యి ముట్టిస్తుందనుకున్నాను. ముట్టించలేదు. మర్నాడూ లేదు. చౌరస్తాలో ఐలేష్ ఫ్లెక్సీ మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారు. బాపు వల తీసుకుని చెరువుకు పోయాడు. నేను కంపెనీకి పోయి వస్తూనే ఉన్నాను. బయటి తిండి తిని తిని బాపుకు విసుగొచ్చింది.

"పిట్ట ముట్టె. వాడు రాడని తెలిసిపాయె. ఇంకెవ్వరి కోసమే?" అన్నాడు.

"ఆ పిలగాడు ఇంక ఇల్లు చేరలే" అంది అమ్మ.

ఆదివారం నిమా ఫోన్ చేశాడు. వెనక గుడారం లేదు. చెక్క గోడ, దానికి వరసగా తగిలించిన గిన్నెలు, ఒళ్లో పాప. పాప అతని కట్ల చేతిని పట్టుకుని నోట్లో పెట్టుకోబోతోంది. పక్క నుంచి ఒకామె తొంగి చూసి చేతులు జోడించింది.

"ఇంటికి వచ్చానమ్మా" అన్నాడు నిమా.

అమ్మ సరేనన్నట్టు తలూపింది. ఫోన్ నాకిచ్చి వంటింట్లోకి పోయింది. లైటర్ ఒకటికి నాలుగుసార్లు టకటకలాడింది, తర్వాత మంట అంటుకున్న చప్పుడు వచ్చింది. చిన్నమ్మ లేచి బియ్యం కడగడానికి పోయింది. ఫోన్లో నిమా పాప నన్ను చూసి నవ్వుతోంది. నేను అప్పుడు ఏడ్చాను.