ప్రింటరు మేలుకున్నప్పుడల్లా

ఆమె భర్తకు అరుదైన విద్య ఒకటి వచ్చు. ఇంట్లో ఏ వస్తువు మొరాయించినా సరే, దాన్ని ముట్టుకోకుండానే, అది మొరాయించే ముందు ఆమె ఎక్కడ నిలబడిందో చెప్పేస్తాడు. కుళాయి కారితే ఆమె గట్టిగా తిప్పింది. గోడ గడియారం ఆగితే ఆమె దుమ్ము దులిపింది. ఇంత దివ్యదృష్టి ఉన్న మనిషికి కళ్ళజోడు మాత్రం రోజూ ఆమే వెతికిపెట్టాలి.

ఆఫీసు భవనానికి మరమ్మతులు మొదలై, మూడు వారాలుగా అతను ఇంటి నుంచే పని చేస్తున్నాడు. వీపీఎన్ అనే దారి గుండా ఇంట్లోని లాప్‌టాప్ ఆఫీసు లోపలికి వెళ్తుందట. వెళ్తోంది కూడా. మెయిళ్ళు వస్తున్నాయి, మీటింగులు జరుగుతున్నాయి. అందరి ఫైళ్ళూ దాచే షేర్డ్ ఫోల్డరు మాత్రం తెరుచుకోదు. నొక్కితే చక్రంలా తిరిగి తిరిగి, దొరకలేదంటుంది. తోటి ఉద్యోగులందరికీ తెరుచుకుంటోంది. అంటే తప్పు ఈ ఇంటిది. ఇల్లంటే ఎవరు? ఆమే.

మొదటి వారం మిక్సీ వల్ల అన్నాడు. మిక్సీ అతను నిద్ర లేవకముందుకు మారింది. రెండో వారం వైఫై డబ్బా పక్కన ఆమె పెట్టుకున్న పూలకుండీ మీద నేరం పడింది. కుండీ బాల్కనీకి వెళ్ళింది. మూడో వారం అక్క వంతు.

అక్క రోజూ పదకొండింటికి వీడియో కాల్ చేసేది. పెద్ద కబుర్లేమీ ఉండవు. ఫోను గట్టుకు ఆనించుకుని అక్కడ ఆవిడ కూర తరుగుతుంటే ఇక్కడ ఈమె గిన్నెలు తోమేది. సగంసేపు ఇద్దరూ మాట్లాడరు. అయినా ఆ కాసేపూ తనను పేరు పెట్టి పిలిచే మనిషి ఒకరు వంటగదిలో ఉన్నట్టుండేది. ఒక రోజు అతను వచ్చి ఫోనులోకి వంగి, "వదినా, మీ అక్కచెల్లెళ్ళ కబుర్లకే లైనంతా సరిపోతోంది. నా ఉద్యోగం ఊడగొట్టేదాకా ఊరుకోరా ఏంటి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూ అన్న మాటకు నొచ్చుకుంటే తప్పు నొచ్చుకున్నవాళ్ళదే కదా! అక్క "అయ్యో, తెలీలేదు మరిదిగారూ" అని పెట్టేసింది. మళ్ళీ చేయలేదు. ఈమె చేస్తే, "వద్దులేవే, తర్వాత మాటపడేది నువ్వే" అంది. ఆమె ఫోనులో వైఫై అతనే తీసేశాడు.

ఫోల్డరు తెరుచుకోలేదు. ఇల్లు మాత్రం మూసుకుపోయింది. తలుపు అవతల అతను పొద్దంతా పాతికమందితో నవ్వుతూ మాట్లాడుతుంటాడు. ఆమెతో మాట్లాడేవి మూడే: మంచినీళ్ళు, తలుపు వేసెయ్, చప్పుడు. ఒక మధ్యాహ్నం వెనక గదిలో ఇస్త్రీ చేస్తూ, పొద్దుట్నించీ తను నోరు విప్పలేదని గుర్తొచ్చి, గొంతు ఉందో లేదో చూసుకోవడానికి "చొక్కా" అంది. చొక్కా పలకలేదు. ఆ గదిలో ఆమెకు తోడు ఒక్క ప్రింటరే. అదీ నిద్రపోతూ ఉంటుంది.

కానీ ఆ ప్రింటరు, ఎవరూ ఏమీ పంపకపోయినా, ఉన్నట్టుండి మేలుకునేది. చిన్న తెర వెలిగి, కడుపులో గర్రుమనేది. వెంటనే పక్కగదిలోంచి "ఛీ!" అని అతని గొంతు. కాసేపటికి మళ్ళీ గర్రు, మళ్ళీ ఛీ. ఆమె డిగ్రీలో ప్రయోగశాల అంటే ప్రాణం పెట్టిన మనిషి. పెన్సిలు తెచ్చి క్యాలెండరు వెనక గీతలు గీసింది. పదకొండు గర్రులకు పదకొండు ఛీలు.

"ఏమండీ, మీరు ఫోల్డరు నొక్కినప్పుడల్లా ప్రింటరు లేస్తోంది."

"ఆఫీసు ఫోల్డరుకీ మనింటి ప్రింటరుకీ ఏంటి సంబంధం? నీకెందుకివన్నీ? టీ పెట్టు కాస్త."

పెట్టింది. టీ మరిగేలోగా వెనక గదిలోకి వెళ్ళి ప్రింటరు బొత్తాం నొక్కి పట్టుకుంది. అలా పడితే అది తన వివరాలు తనే అచ్చేస్తుంది. పైనే, ఇంటి వైఫైలో దానికి చిరునామాలాంటి నెంబరు. ఆ నెంబరు ఆమె ఎరిగిందే. "పేరుతో కాకుండా నెంబరుతో వెతకండి" అని ఆఫీసు హెల్ప్‌డెస్కు వాళ్ళు చెబితే అతను ఫోల్డరు నెంబరు రాసి లాప్‌టాప్‌కు అంటించుకున్న చీటీకి తడిగుడ్డ తగలకుండా ఆమె రోజూ దుమ్ము తుడుస్తోంది. చివరి అంకెతో సహా అదే నెంబరు.

టీ కప్పు కింద ఆ కాగితం పెట్టి, చీటీ పక్కన ఉంచింది. అతను అటూ ఇటూ చూశాడు. హెల్ప్‌డెస్కుకు ఫోను చేసి స్పీకరు పెట్టాడు.

"అదా సార్!" అంది అవతలి అమ్మాయి. "మా ఫైళ్ళ సర్వరు నెంబరే మీ ప్రింటరుకీ ఉంది. దాంతో మీ లాప్‌టాప్ వీపీఎన్‌లోకి రాకుండా ఆ నెంబరు కోసం మీ ఇంట్లోనే వెతుకుతోంది. ఇంట్లో ఈ నెంబర్లు పెట్టిందెవరు సార్?"

నిరుడు ఒక ఆదివారమంతా కూర్చుని, "అన్నీ ఆఫీసులో ఉన్నట్టే పెట్టేశా, నాకు కంఠతా వచ్చిన నెంబర్లే" అని అతను గర్వంగా చెప్పడం ఆమెకు గుర్తుంది. అతనికీ గుర్తొచ్చినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంట్లో ఎవరో పెట్టారు," అన్నాడు.

ఇల్లంటే ఎవరో ఆమెకు తెలుసు.

అమ్మాయి చెప్పినట్టు వైఫై డబ్బాలో ఇంటి నెంబర్లన్నీ మార్చాక పావుగంటలో ఫోల్డరు తెరుచుకుంది. "భలే కనిపెట్టారు సార్!" అంటే, "ఏదో, అలా తట్టింది" అన్నాడు. ఫోను పెట్టేసి దయగా ఆమె వైపు తిరిగాడు. "ఇక నువ్వు వదినతో మాట్లాడుకోవచ్చులే."

ఆమె బల్లమీది అతని ఫోను తీసి, అక్క నెంబరు నొక్కి, స్పీకరు పెట్టి అతని ముందుంచింది.

"ఏంటిది?"

"వద్దన్నది మీరు. రమ్మనాల్సింది మీరే. కారణంతో సహా."

"సరదాకన్నానే!"

"సరదాగానే చెప్పండి."

"మరిదిగారా? ఏమైంది? చెల్లి బాగుందా?" అక్క గొంతులో కంగారు. అతను లోగొంతుకలో ఏదో గొణిగాడు.

"ఏంటండీ? లైను బాలేనట్టుంది, వినపడలా."

అతను అలవాటుగా ఆమె నిలబడ్డ చోటు వైపు చూశాడు. ఆమె అక్కడే నిలబడి ఉంది.

"లైను బాగానే ఉందక్కా," అంది.

"తప్పు నాది వదినా," అన్నాడు అతను, ఈసారి వంటగదిదాకా వినపడేట్టు. "ఆ నెంబరు పెట్టింది నేను. కనిపెట్టింది మీ చెల్లెలు."