పరదా వెనక సమ్మెట

ఆ మిలిటరీ బండి మా రిపేరు షెడ్డు ముందుకొచ్చిన రోజు నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. చక్రాల చుట్టూ ఇనప పట్టా వేసుకుని పాకే బండి అది. తెల్లదొరల కాలంలో యుద్ధానికి పోయొచ్చిందట. తర్వాత దాచేపల్లి దగ్గర సున్నపురాయి క్వారీలో రాళ్లు లాగింది. కొత్త మిషన్లు వచ్చాక ఎండకూ వానకూ వదిలేశారు. మిలిటరీలో అలాంటి బండే నడిపి రిటైరైన కృపానందం గారు దాన్ని కొని, ఎనభై నాలుగు ఎండాకాలంలో మా దగ్గరికి లాగించుకొచ్చారు. మళ్లీ నడవాలన్నారు. ఏదీ గ్యాసుతో కొయ్యొద్దన్నారు. ఆ సామాను ఇంకెక్కడా దొరకదు కాబట్టి.

మా ఆయన నాగూర్ వలికి కుడిచేతి వేళ్లు ఇనప రేకులు నొక్కే ప్రెస్సులో పడి పోయాయి. అప్పటి నుంచి షెడ్డులో సమ్మెట పట్టేది మా అమ్మాయి హసీనా. తండ్రి స్టూలు మీద కూర్చుని చెబుతాడు, అది చేస్తుంది. తండ్రికి వేళ్లు పోయినట్టు దీనికి ఏ చెయ్యో కన్నో పోతుందని నేను రోజూ చస్తుంటాను.

ఆ బండి కింద ఒక్కో చక్రాల జతకి లావుపాటి స్ప్రింగు ఉంది. దాన్ని అదిమిపట్టే ఇనప చెయ్యి ఒకటి. ఆ చెయ్యి ఆడే పిన్ను తుప్పు తిని పట్టేసింది. పిన్ను ఊడితేగానీ చక్రం తిరగదు. పిన్ను ఊడిందా, నొక్కుకుని ఉన్న స్ప్రింగు తన్నుకొస్తుంది. ఎదురుగా తల ఉంటే తలే పోతుందని బండితో వచ్చిన క్వారీ వాళ్లు నాకు చెప్పి మరీ వెళ్లారు. హసీనా స్ప్రింగు చుట్టూ గొలుసు బిగించింది. దాని మీద నేను మా పాత బొంత తెచ్చి కప్పాను. పిన్నులన్నిటికీ హసీనా రోజూ పొద్దున్నే కిరసనాయిలు పోసి నానబెట్టేది. అది వంగినప్పుడల్లా నా గుండె జారేది.

పిన్ను తీయాలనుకున్న రోజునే గురజాల నుంచి మా అన్న అలీ సాహెబ్ వచ్చాడు. హసీనాకి అక్కడొక సంబంధం చూస్తున్నాడు. మేనకోడలు మడ్డి నూనెలో పొర్లి బండి కింద నుంచి లేచి రావడం చూసి ముఖం మాడ్చుకున్నాడు. మా ఇళ్లలో ఆడవాళ్లు పొలం పనులకి పోతారు, పరదా మాకు అలవాటు లేదు. ఆ సంబంధం వాళ్లకి మాత్రం ఉందట. పని మానలేకపోతే కనీసం చుట్టూ గుడ్డ కట్టుకుని చేసుకోమన్నాడు. బయటి మగాడెవడూ లోపలికి పోకూడదన్నాడు. నాకు స్ప్రింగన్నా భయమే, నలుగురన్నా భయమే. నాలుగు గుంజలు పాతి దుప్పట్లు కట్టాను. హసీనా నా వైపు ఒక చూపు చూసి గుడ్డ లోపలికి వెళ్లింది.

అక్కడే పని చెడింది. పిన్ను చుట్టూ ఉన్న ఇనుమును గ్యాసు మంటతో ఎర్రగా కాల్చాలి, ఆ వేడి ఉండగానే పిన్నును కొట్టాలి. గ్యాసు సిలిండర్లు పక్క వెల్డింగు షాపు పిచ్చియ్యవి. హసీనాని చిన్నప్పటి నుంచీ ఎత్తుకు తిరిగినవాడు. అతన్ని బయట కూర్చోబెట్టి, మంట వచ్చే పైపు మాత్రం గుడ్డ కింద నుంచి లోపలికి అందించమన్నాము. హసీనా కాల్చి, మంట పక్కన పెట్టి, సమ్మెట ఎత్తేసరికి ఇనుము చల్లారేది. మళ్లీ అంతే. నేను మంట పట్టుకుంటానన్నాను. నాకు అలవాటు లేక మంట దుప్పటిని నాకింది. అంచు మాడింది. లోపల పాత గ్రీజు కాలి పొగ, ఊపిరాడలేదు. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ హసీనా తలను స్ప్రింగు పక్కకి తెచ్చి చూస్తోంది. గొలుసు ఒక పక్క వదులైంది. అది చూసుకోలేదు. నేను చూశాను.

దుప్పటి పట్టి లాగేశాను. గుంజతో సహా వచ్చింది.

"పిచ్చియ్యా, లోపలికి రా. మంట నువ్వు పట్టుకో."

పిచ్చియ్య మా అన్న ముఖం చూశాడు.

"ఆయన వైపు ఏంది చూసేది? పిల్ల నాది."

అన్న టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. "హజ్రా, రేపు గురజాల వాళ్లకి ఏం చెప్పేది నేను?"

"ఉన్నదే చెప్పు. మా మేనకోడలు సమ్మెట కొడతదని చెప్పు. వచ్చేవాళ్లు వస్తారు, రానివాళ్లు రారు. దాని చెయ్యి పోతే వాళ్లేమన్నా తెచ్చిస్తారా?"

"నీకు చానా ధైర్యమొచ్చిందే."

"ధైర్యం ఏడుంది అన్నా. భయంతోనే చెప్తున్నా."

పిచ్చియ్య వచ్చి మంట అందుకున్నాడు. ఇంతసేపూ గుడ్డతో మాట్లాడి నోరు నొప్పి పుట్టిందని గొణిగాడు. హసీనా గొలుసు మళ్లీ బిగించింది. నేను లాగి చూసి, ఇంకొంచెం బిగించమన్నాను. బిగించింది. ఇనుము ఎరుపెక్కింది. పిన్ను మీద ఇత్తడి కడ్డీ ఆనించి కొట్టడం మొదలుపెట్టింది. ఖంగు ఖంగుమన్న చప్పుడు కొడుతుండగానే మొద్దుబారింది. మా ఆయన స్టూలు మీద నుంచి లేచాడు.

"కదిలింది. పక్కకి జరిగి కొట్టు."

పక్కకి జరిగి కొట్టింది. పిన్ను అవతలికి రాలింది, ఇనప చెయ్యి ఎగిరి గొలుసును కొట్టింది. బండి మొత్తం ఊగింది. బొంత చిరిగి దూది లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచాక దాని దగ్గరికి పోయి రెండు చేతులూ, కళ్లూ, తలా తడిమాను.

"అన్నీ ఉన్నాయిలే అమ్మా," అంది నవ్వుతూ.

అన్న చెప్పులేసుకున్నాడు. ఇక ఆ సంబంధం ఊసు తను ఎత్తనన్నాడు. ఎత్తొద్దన్నాను. బస్సుకని రోడ్డెక్కాడు. నేను వెనక్కి పిలవలేదు. పిలవాలనిపించింది, కానీ పిలవలేదు. బండి పట్టా పట్టుకుని నిలబడ్డాను. రేపు గురజాలంతా ఏమంటుందో, ఈ పిల్లకి ఇంకెవరు దొరుకుతారో అని లోపల ఒకటే రొద.

హసీనా అప్పటికే అవతలి పక్క పిన్ను దగ్గరికి పోయి, మంట తెమ్మని పిచ్చియ్యని పిలిచింది. నన్ను చూసి ఆగింది.

"అమ్మా, నువ్వు ఇంట్లోకి పో. నీకు దడ."

"పోను," అన్నాను. "దడంటే దడే. ఇక్కడే ఉంటా. నువ్వు కొట్టు."