కోడి ఎటు పడింది?

తెర మీద లామిసి కట్టెల మోపుతో జారిపడగానే హాల్లో కుర్రకారు గొల్లున నవ్వారు. వేదిక మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న అసలు లామిసికి ఒళ్లు మండిపోయింది. తెల్లారకముందే ట్రక్కెక్కి, ఎర్రదుమ్ము మింగుతూ ఈ తమాలె విశ్వవిద్యాలయానికి వచ్చింది. పొట్లం కట్టి తెచ్చుకున్న టూజాఫీ సంకటి ఒళ్లోనే చల్లారిపోయింది.

పక్క కుర్చీలో అజారా. ఊళ్లు వెలివేసిన ఆడవాళ్లుండే మంత్రగత్తెల వాడలో ఆరేళ్లుగా ఇద్దరిదీ ఒకే గుడిసె. పొద్దంతా పరాయి చేలో మొక్కజొన్న ఒలిస్తే కూలి ఒక గిన్నె గింజలు. అవీ కలిపే వండుకుంటారు.

లామిసి చేసిన నేరమల్లా, మొగుడు పోయాక అతని షియా నూనెగింజల చెట్లు తనవేననడం. మరిది పిల్లాడు జ్వరంతో పోతే, "కల్లో వదిన కనబడింది" అన్నాడు మరిది. అంతే, మంత్రగత్తె అని పేరు పెట్టి కుక్కను తరిమినట్టు తరిమారు. ఇప్పుడా చెట్లు అతనివే.

వాడలో చేరే ప్రతి ఆడదాని పేరా కోడిని కోస్తారు. వెల్లకిలా పడి చస్తే ఆమె నిర్దోషి, బోర్లా పడితే మంత్రగత్తె. లామిసి కోడి వెల్లకిలానే పడింది. చూడ్డానికి ఇంటినుంచి ఒక్కడూ రాలేదు, కోసిన పెద్దాయన ఆ ఏడే పోయాడు. ఆ సంగతి అజారాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అజారా కోడి బోర్లా పడింది. సినిమాలో ఆ మాట చెప్పుకుని ఏడ్చింది కూడా.

దీపాలు వెలిగాయి. చర్చ మొదలైంది. లా చదివే కుర్రాడొకడు ఇంగ్లీషులో ఏదో అడిగాడు. సినిమా తీసిన అమ్మాయి వుంపిని ముఖం కందగడ్డయింది.

"ఏమంటున్నాడే?" అంది లామిసి.

"నీకొద్దులే అత్తా." వుంపిని మైకు లాక్కుని ఇంగ్లీషులోనే అందుకుంది. "రెండేళ్లు వాళ్లతో ఉండి ఈ సినిమా తీశాను. అంతా చూసి నువ్వడిగేది, ఈమె కోడి ఎటు పడిందనా? నేనా ప్రశ్న ఈమెకు మన మాటలో చెప్పను."

మూడో వరసలోంచి ఒక మనిషి లేచాడు. ఇస్సహాకు, లామిసి పెద్ద కొడుకు. బడిపంతులు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా తల్లి మొహం చూడనివాడు.

"నేనడుగుతున్నానమ్మా, మన మాటలోనే," అంటూ ఫోను ఎత్తి పట్టుకున్నాడు. "కోడి వెల్లకిలా పడిందని ఒక్క మాట చెప్పు. బాబాయికి చూపిస్తా. ఇవాళే ఇంటికి పోదాం."

ఇల్లు. మనవరాలు పుట్టిందని విన్నదే గాని, కళ్లారా చూసింది లేదు.

అజారా మోచేత్తో పొడిచింది. "చెప్పెయ్యవే పిచ్చిదానా. నిజమేగా! పో ఇంటికి. నా సంగతి వదిలెయ్."

చెబితే అది నిజమే. ఆ నిజం పక్కనే కూర్చున్న మనిషి మెడకు ఉరి. కోడి మాట తనకు చెల్లితే అజారాకూ చెల్లుతుంది. లామిసికి కొడుకు మీద, ఆ ఫోను మీద, అక్షరాలు నేర్పి పెంచిన తన మీద కూడా ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఒరే ఇస్సహాకూ, పిల్లలకు లెక్కలు చెప్పే పంతులువి. నీ తల్లి ఎలాంటిదో కోడినడిగి తెలుసుకుంటావా?"

"అది కాదమ్మా, బాబాయి నమ్మాలంటే..."

"ఎటు పడిందో నేను చెప్పను. నీక్కాదు, ఆ అబ్బాయిక్కాదు, ఎవరికీ చెప్పను. అమ్మ కావాలంటే వచ్చి తీసుకుపో. కోడి సాక్ష్యమే కావాలంటే పోయి కోడినే పెంచుకో!"

హాల్లో ఎవరూ నవ్వలేదు. ఇస్సహాకు ఎత్తిన చెయ్యి దించలేదు, అడుగు ముందుకూ వెయ్యలేదు.

లామిసి కుర్చీని అజారా వైపు జరుపుకుని పొట్లం విప్పింది. "తిను, పొద్దుట్నుంచీ ఏం తిన్లేదు," అంది. ఫోనింకా రికార్డు చేస్తూనే ఉంది. అందరూ చూస్తుండగా చల్లారిన సంకటి రెండు ముద్దలు చేసి, మొదటిది అజారా చేతిలో పెట్టింది.