కోరీ రువా అంచున

ఊనా గెడ్డీస్ ఆ శనివారం కొండెక్కింది మంచు మీద జారడానికి కాదు. ఇన్నెస్ రాటరే కోసం.

తొమ్మిదేళ్ల కిందట, ఇలాంటి ఏప్రిల్లోనే, కోరీ రువా లోయలోకి దిగే వాలు మీద మంచు విరిగిపడి ఆమె తమ్ముడు రూరీ చచ్చిపోయాడు. ఆ రోజు జట్టుకి నాయకుడు ఇన్నెస్. విచారణలో తల వంచుకుని, ఎంతో మర్యాదగా చెప్పాడు: "వద్దన్నాను. మంచు వదులుగా ఉందన్నాను. కుర్రాడు వినలేదు."

కింద గుట్ట మీద నిలబడ్డ ఊనా, జట్టువాళ్లు మాట్లాడుకునే చేతి రేడియోలో విన్నది వేరు. "ఏం కాదు, దిగు రూరీ, నేను చూశాను" అన్న ఇన్నెస్ గొంతు వింది. ఆ మాట ఆమె ఎంతమందికి చెప్పినా, పాపం దుఃఖంలో ఉందిలే అని భుజం తట్టి వెళ్లిపోయారు. రూరీ భార్య కిర్‌స్టీ సైతం నమ్మలేదు. ఇంట్లో పసిబిడ్డను పెట్టుకుని పంతానికి పోయి చచ్చాడని ఇప్పటికీ మొగుణ్ణి తిట్టుకుంటూనే ఉంది.

ఊనా ఆ మంటను ఆరనివ్వలేదు. ఏటా చలికాలంలో ఒక్కతే వెళ్లి ఆ కొండ అంచులన్నీ అడుగులతో కొలిచి వచ్చేది. ఈ ఏడు కొండలెక్కే వాళ్ల క్లబ్బుకి ఇన్నెస్‌ని అధ్యక్షుణ్ణి చేస్తారన్నారు. ఆదివారం ఎన్నిక. కొండ మీద కట్టబోయే కొత్త బసకి రూరీ పేరు పెడతానని అతనే ప్రకటించాడు. అది విన్న రోజే ఊనా క్లబ్బు వారాంతపు యాత్రకి పేరిచ్చింది.

కారు దగ్గర ఇన్నెస్ చేయి చాచాడు. "నువ్వొస్తావనుకోలేదు ఊనా. పాతవన్నీ మర్చిపోయావు, సంతోషం."

"కాళ్లు పట్టేశాయి. సాగదీద్దామని" అంది ఊనా, చేతికి తొడుగు వేసుకుంటూ. "కోరీ రువా వైపు పోదాం. రూరీ పోయిన చోటు నువ్వూ చూసి చాన్నాళ్లయిందిగా."

ఇన్నెస్ నవ్వు కొంచెం తగ్గింది. కానీ పక్కన ఎల్స్పెత్ డల్గార్నో ఉంది. అరవై ఏడేళ్ల మంత్రసాని, ఆ లోయలో సగం మందికి బొడ్డు కోసిన చేయి. ఆమె ముందు కాదనలేకపోయాడు.

కింద మంచు కరిగిపోయింది. ముగ్గురూ గంటసేపు, మంచు మీద జారే స్కీలు వీపున మోసుకుంటూ గోధుమరంగు పొదల్లో నడిచారు. మంచు దొరికాక, వెనక్కి జారకుండా స్కీల అడుగున రోమపు పట్టీలు అంటించుకుని ఎక్కసాగారు. కొండ మీది మైదానం చేరేసరికి మబ్బు దిగింది. నేల తెలుపు, ఆకాశం తెలుపు. తన స్కీల మొనలు తప్ప మనిషికి ఏమీ కనబడదు. చలికి ఇన్నెస్ చేతిలోని దారి చూపే యంత్రం ఆగిపోయింది.

"కంగారేం లేదు. ఈ కొండ నాకు కొట్టిన పిండి" అని ముందుకి నడిచాడు.

ఎడమకి పోతున్నాడని ఊనా గ్రహించింది. దిక్సూచి చూసుకుంది. ఆ వైపున గాలికి పెరిగిన మంచు, ఇంటి చూరులా లోయ మీదికి వేలాడుతూ ఉంటుంది. దాని కింద శూన్యం.

ఆమె నోరు తెరవలేదు. తానేమీ చేయనక్కర్లేదు. ఊరుకుంటే చాలు. ఇన్నెస్ ఒక్కొక్క అడుగే వేస్తున్నాడు. ఆమె గుండె ఎన్నడూ లేనంత నింపాదిగా కొట్టుకుంది. అప్పుడు తట్టింది: వీడు ఇక్కడ పోతే అబద్ధం నిజమై నిలిచిపోతుంది. ఆ బస గోడ మీద రూరీ పేరు పక్కన వీడి పేరూ చెక్కుతారు.

"ఆగు" అంది. "కదలకు. చూరు మీదున్నావు."

ఇన్నెస్ బిగుసుకుపోయాడు. "ఎటు రావాలి?"

ఊనా సంచిలోంచి తాడు తీసింది. విసరలేదు. "రూరీకి రేడియోలో ఏం చెప్పావు?"

"ఊనా, ఇదేం పని" అంది ఎల్స్పెత్ వెనకనుంచి.

"కాస్త ఓర్చుకోండి ఎల్స్పెత్ గారూ. నేను తొమ్మిదేళ్లు ఓర్చుకున్నాను."

అతని కింద ఎక్కడో మంచు కిర్రుమంది. ఇన్నెస్ గొంతు పిల్లాడి గొంతైపోయింది. "దిగమన్నాను. గొయ్యి తవ్వి మంచు పొరలు చూడలేదు. చలేసింది, పొద్దుపోతోంది. చూశానని చెప్పాను."

"విచారణలో?"

"అబద్ధం చెప్పాను. నీ మతి చెడిందని కూడా నేనే చెప్పుకొచ్చాను. తాడు వెయ్, తల్లీ."

వేసింది. ఎల్స్పెత్, ఆమె కలిసి లాగారు. అతను పాకుతూ వచ్చాక చూరులో ముక్క విరిగి, చాలాసేపటికి కింద చప్పుడైంది.

సాయంత్రం క్లబ్బు పాత బసలో, మిగతా సభ్యుల మధ్య, పొయ్యి దగ్గర రెండు కప్పుల టీ పడ్డాక ఇన్నెస్‌కి ధైర్యం తిరిగొచ్చింది. "చావు చూపించి చెప్పించింది. ఆ మాటకి విలువేముంది?" అన్నాడు అందరూ వినేలా.

ఎల్స్పెత్ కప్పు కింద పెట్టింది. "ఆవిడ ఆగమంది, తాడిచ్చింది. నువ్వు చెప్పింది నేను విన్నాను. రాసి సంతకం పెడతాను. కిర్‌స్టీకి నేనే చెప్తాను. రూరీ బిడ్డకి బొడ్డు కోసింది నేనే."

ఒకాయన లేచి ఇన్నెస్ పక్కనుంచి తన కుర్చీ దూరంగా జరుపుకున్నాడు. ఊనా దాన్ని తనివితీరా చూసింది. ఆదివారం ఎన్నికకి ఇన్నెస్ లేడు. తెల్లారేసరికి కారు తీసుకుని వెళ్లిపోయాడు.

తిరుగుదారిలో ఎల్స్పెత్ కారు నడుపుతూ అడిగింది. "నువ్వు ఆగు అనేముందు వాడు ఎన్ని అడుగులు వేశాడమ్మా, నీకు తెలిశాక?"

"పదకొండు."

వంతెన దాటారు. ఎల్స్పెత్ గేరు మార్చింది. "మళ్లీ అలాంటిదే వస్తే?"

ఊనా కిటికీలోంచి ఏరుకేసి చూసింది. "ఈసారి చివరి అడుగుదాకా లెక్కపెడతాను" అంది.