ఉనైసి కనుబొమ్మలు

ఉనైసికి ఐదేళ్లు. ఫిబ్రవరిలో మా ఊరి హాలులో నేను నడిపే చిన్నపిల్లల బడిలో చేరింది. జూన్ వచ్చినా దాని నోట ఒక్క మాట నేను వినలేదు.

మూగది కాదు. ఇంట్లో బాగానే మాట్లాడుతుందని అందరూ చెప్పేవారు. బడిలో మాత్రం “నీళ్లు కావాలా?” అంటే కనుబొమ్మలు పైకెత్తేది. ఫిజీలో అది అవుననే మాటే, కాదనేవాళ్లు లేరు. వద్దంటే ముక్కు ముడిచేది. బయటికి వెళ్లాలంటే తలుపు వైపు గడ్డం చూపేది. ఈ మూడింటితో పొద్దు గడిపేసేది.

మిగిలింది వాళ్ల పెద్దమ్మ కూతురు ఆరియేటా పూర్తి చేసేది. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరుగుతున్నారు.

“టీచర్, దానికి ఎర్ర రంగు కావాలట.”

“నేను నిన్నడగలేదమ్మా, ఉనైసిని అడిగాను.”

“అవును టీచర్. కానీ దానికి ఎర్రదే కావాలి.”

నా కంగారుకి కారణముంది. అంతకుముందు ఏడాది ఇలాంటి పిల్లనే ఒకటో తరగతికి పంపాను. అక్కడ నోరు విప్పలేదని వెనక బెంచీలో కూర్చోబెట్టారు. ఏడాది చివర “దీనికేమీ రాదు” అన్నారు. ఆ పిల్లకి అన్నీ వచ్చు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసి ఏం లాభం?

అందుకే పట్టు పట్టాను. బొమ్మలు చూపించి అడిగాను, పాటలు పాడించబోయాను. ఏదీ పనిచేయక ఒకరోజు పలహారం వేళ ఉడికించిన కర్రపెండలం ముక్క చేతిలో పట్టుకుని, “ఇది ఏమిటో చెప్పు, ఇస్తాను” అన్నాను. ఉనైసి ముక్క వంక చూసింది, నా వంక చూసింది. వెళ్లి చాప మీద ఖాళీ చేతులతో కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే వాళ్ల నాయనమ్మ వచ్చింది. ఊరంతా ఆమెని బూబూ మాకెరేటా అంటారు, బూబూ అంటే అవ్వ. నన్ను ఆమె పేరుపెట్టే పిలుస్తుంది.

“ఇలీ, నా మనవరాలి నోటి దగ్గర తిండి లాక్కున్నావట?”

“లాక్కోలేదు బూబూ. మాట్లాడమన్నాను.”

“పెద్దవాళ్ల ముందు పిల్లలు నోరు విప్పకూడదని మేం చెబుతాం. విప్పమని నువ్వు చెబుతావు. విప్పితే పొగరంటాం, మూస్తే మొద్దంటావు. బిడ్డ ఎక్కడికి పోవాలి?”

ఆ మాటకి నాకు ఇంకా ఒళ్లు మండింది. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టాను. ఏం కావాలన్నా నోటితో చెప్పాల్సిందే. చెప్పనిదే నేను కదలను.

వారం తర్వాత, పది గంటల ఆటవేళలో నేను లోపల రంగు గిన్నెలు కడుగుతున్నాను. ఉనైసి వచ్చి నా గౌను పట్టుకుని లాగింది.

“ఏమిటి?”

తల తిప్పి హాలు వెనక వైపు చూసింది. మళ్లీ లాగింది.

“నోటితో చెప్పు. చెబితే వస్తాను.”

దాని పెదాలు కదిలాయి కానీ మాట రాలేదు. నేల మీద కాలు రెండుసార్లు గట్టిగా తొక్కింది. మొండితనం అనుకున్నాను. “చూడు, నాకూ మొండితనం ఉంది” అని గిన్నెలు కడుక్కుంటూ కూర్చున్నాను. అప్పుడది నా చేతిలో గిన్నె లాక్కుని గోడకేసి కొట్టి బయటికి పరిగెత్తింది. తిట్టడానికే నేను వెంటపడ్డాను.

హాలు వెనక మడ చెట్ల మధ్య, బురదలో, లోసలిని అనే మూడేళ్ల పిల్ల తొడల దాకా దిగబడి ఉంది. పీతల కోసం వెళ్లినట్టుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. పోటు వస్తోంది, నీళ్లు నడుము తాకుతున్నాయి. నేను పొట్ట మీద పాకుతూ వెళ్లి చంకల కింద చేతులేసి లాగాను. బురద దాన్ని వదలడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఉనైసి గట్టు మీద నిలబడి నా కాళ్లు పట్టుకుంది.

ఆ సాయంత్రం హాలులో ఊరంతా కూడింది. గ్రామపెద్ద సవేనాకా అడిగాడు: “మొదట ఎవరు చూశారు?”

“ఉనైసి చూసింది, అప్పుడది...” ఆరియేటా లేచింది.

“దాన్నే చెప్పనీ తల్లీ.”

ఉనైసి చాప అంచు పీకుతోంది. జరిగింది నేనే చెప్పేయాలని నాలుక దురద పెట్టింది. బూబూ మాకెరేటా కూడా ఏదో అనబోయి ఆగింది. ఎంతసేపో గడిచింది.

“టీచర్‌కి చెప్పా,” అంది ఉనైసి. సన్నటి గొంతు, కాస్త బొంగురు. “గౌను పట్టుకుని లాగాను. కళ్లతో చెప్పా. నోటితో చెప్పమంది.” మళ్లీ ఆగింది. “అప్పుడు నాకు నోరు రాలేదు.”

నాలుగు నెలలు బతిమాలినందుకు ఊరందరి ముందూ నేను విన్న మొదటి మాటలు ఇవి. ఎవరో నవ్వబోయి మానుకున్నారు. లోసలిని తండ్రి ఎపెలీ నా వైపు చూశాడు. నేను తల ఎత్తలేదు.

మర్నాడు, తప్పు చేసినవాళ్లు ఇచ్చుకునే కావా వేళ్ల కట్ట తీసుకుని ఎపెలీ వాళ్లింటికి వెళ్లి, గుమ్మంలో మోకరిల్లి క్షమించమన్నాను. ఆచారం ప్రకారం కట్ట అందుకున్నారు, అందుకుంటే క్షమించినట్టే. తర్వాత ఉనైసి దగ్గరికెళ్లి, దానికంటే కిందుగా కూర్చుని, “తప్పు నాదే. నువ్వు చెప్పావు, నేను చూడలేదు” అన్నాను. అది కనుబొమ్మలు ఎత్తింది. తప్పు నాదేనని ఒప్పుకుందో, పోనీలెమ్మందో నాకు తెలియదు.

ఆ తర్వాత అడగడం తగ్గించాను. అడిగితే మాత్రం మనసులో పది లెక్కపెట్టేదాన్ని. పది ఎంత పొడవో ఎవరికి వాళ్లు ప్రయత్నించి చూడాలి. అంతకుముందు నేను రెండు కూడా ఆగలేదని అప్పుడు తెలిసింది. ఏడో ఎనిమిదో దగ్గర ఒక్కో మాట వచ్చేది. నోరు మూసుకుని సంగతి చెప్పే ఆట కూడా పెట్టాను. అందులో ఆరియేటా ఒక్క నిమిషం నిలవలేకపోయింది. ఎదుటివాళ్ల ముఖం చూడడం దానికి నేర్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

జనవరిలో ఉనైసి ఒకటో తరగతికి వెళ్లింది. అడిగాక కాస్త ఆగమని అక్కడి మాస్టారికి ముందే చెప్పాను.

“నలభైమంది ఉన్నారు టీచర్. ఒక్కొక్కళ్ల కోసం ఎక్కడ ఆగను?”

మూడు పొద్దులు ఆయన వరండాలోకి వెళ్లి కూర్చున్నాను. మూడో రోజు నన్ను చూసి విసుక్కుని ఆగాడు. ఉనైసి తన పేరు చెప్పింది. గట్టిగా చెప్పమన్నాడు. మళ్లీ చెప్పింది, వరండాలో నాకు కూడా వినబడింది. ఇంకా గట్టిగా అన్నాడు. అది ముక్కు ముడిచి కూర్చుంది. దాని స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.