నాగభూషణం గారికి సున్నా ఫలితాలు

సున్నా ఫలితాలు.

సెమినార్ హాలు గోడ మీది తెరపై ఆ రెండు మాటలూ చివరి వరుసకు కూడా కనిపిస్తున్నాయి. ఆచార్య నాగభూషణం కళ్లద్దాలు తుడుచుకుని, ఈసారి ఒక్కో అక్షరం చూసుకుంటూ తన పేరు మళ్లీ టైపు చేశారు.

సున్నా ఫలితాలు.

పేరుకు ముందు ‘ఆచార్య’ అని చేర్చారు.

సున్నా.

ఈ గ్రంథాలయ శాస్త్ర విభాగాన్ని పంతొమ్మిదేళ్లు ఏలి, రిటైరై, దేశ రాజధాని శివార్లలోని వైశాలిలో ఫ్లాటు కొనుక్కుని, ఇప్పుడు అదే విభాగానికి గ్రేడు ఇవ్వడానికి తనిఖీ కమిటీ అధ్యక్షుడిగా వచ్చిన మనిషి ఆయన. పక్కన కూర్చున్న రెండో సభ్యురాలు, కోల్‌కతా నుంచి వచ్చిన డాక్టర్ ఇంద్రాణీ సేన్, ఇబ్బందిగా దగ్గింది.

“ఏవయ్యా భీమేశ్వరరావూ, నేను బతికే ఉన్నానా?”

“అయ్యో, అవేం మాటలు సార్!”

“మీ కంప్యూటరుకు అనుమానంగా ఉన్నట్టుందే.”

ప్రస్తుత శాఖాధ్యక్షుడు భీమేశ్వరరావుకు చెమటలు పట్టాయి. ఆ కంగారులో ఆయన చేయకూడని పని చేశారు. “మొత్తం సిస్టమే పాడైంది సార్. చూడండి, నా పేరు కొట్టినా ఇంతే...” అంటూ కొట్టారు.

అరవై ఒక్క ఫలితాలు.

నాగభూషణం లేచి నిలబడ్డారు.

హాలు మూలన, ప్లగ్గు దగ్గర ప్రణతి నిలబడి ఉంది. ఆ సెర్చ్ కట్టింది ఆమె. రెండో ఏడాది ప్రాజెక్టు. విభాగం పుట్టినప్పటి నుంచి వచ్చిన నాలుగు వందల పన్నెండు డిసర్టేషన్లను స్కాన్ చేసి, ఏ మాట కొట్టినా ఆ మాట ఉన్న పుస్తకాలు చూపించేలా తయారుచేసింది. తాళపత్రాలు, బ్రెయిలీ, చెదపురుగులు అంటూ రెండు నెలలు పరీక్షించింది. మనిషి పేరు కొట్టి చూడాలని మాత్రం తోచలేదు. ఈ విభాగంలో పెద్దవాళ్లు కొట్టేది అదొక్కటేనని ఆమెకు అప్పటికింకా తెలియదు.

“ఇది కుట్ర,” అన్నారు నాగభూషణం. “రెండింటికి మళ్లీ కూర్చుంటాం. అప్పటికి ఆ దొంగ పేరు నా ముందుండాలి. లేదంటే మీ గ్రేడు సంగతి మీరే చూసుకోండి.”

కమిటీ పనీర్ తినడానికి వెళ్లింది. గోడ గడియారంలో ఒంటి గంట అయింది.

వరండాలో భీమేశ్వరరావు ప్రణతిని ఆపారు. ఆయన చేతిలో రెండు కాగితాలున్నాయి. ఇలాంటి పనుల్లో ఆయన చాలా చురుకు.

“చూడమ్మా ప్రణతీ. దీని మీద నీ పేరుంది. కావాలని సిస్టమ్ పాడుచేసినందుకు నీ ప్రాజెక్టు రద్దు. దీని మీద ల్యాబ్ అటెండెంటు రాకేశ్ పేరుంది. ఒకటి చించేస్తాను.”

“రాకేశ్ భయ్యా ఏం చేశాడు సార్?”

“ఏమీ చేసుండడు. కాంట్రాక్టు మనిషి. వేరే చోట పని చూసుకుంటాడు. నువ్వు లోపలికొచ్చి అతని పేరు చెప్పు చాలు. నీకు ఈ నెలాఖరుకల్లా సర్టిఫికెట్ కావాలి కదా?”

కావాలి. ఒక మంత్రిత్వ శాఖ లైబ్రరీలో ఆమెకు ఉద్యోగం ఖాయమైంది. ముప్పయ్యో తేదీలోగా డిగ్రీ చూపించాలి. దానికోసమే రెండేళ్లుగా ఆర్.కె. పురంలో పిన్నిగారి క్వార్టర్స్ హాల్లో దివాన్ మీద పడుకుని చదివింది. ప్రాజెక్టు పోతే డిగ్రీ పోతుంది. డిగ్రీ పోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు.

ఆమె ల్యాబుకు పరిగెత్తింది.

అక్కడ క్లాస్‌మేట్ ఆదిత్య అప్పటికే ఆమె కంప్యూటరు ముందున్నాడు. కరీంనగర్ నుంచి వచ్చి, ఓల్డ్ రాజిందర్ నగర్లో కోచింగు తీసుకుని నాలుగుసార్లు సివిల్స్ రాసి, ఐదోసారికి ఇంట్లో మొహం చూపించలేక లైబ్రరీ సైన్సులో చేరిన మనిషి. ప్రణతి కంటే ఆరేళ్లు పెద్ద.

“ప్రణతీ, ఇగో జూడు. దొరికింది.”

ఏ సెర్చ్‌కైనా వదిలేసే మాటల జాబితా ఒకటుంటుంది. ఇంగ్లీషులో ‘ఆఫ్’, ‘ద’, ‘అండ్’ లాంటివి. అవి కొట్టినా యంత్రం పట్టించుకోదు. ఆ జాబితాలో, ‘మై’కీ ‘నో’కీ మధ్య, నాగభూషణం పేరుంది.

“అన్నా, ఇది నేను పెట్టలేదు.”

“నువ్వు పెట్టలేదని నాకెర్కనే. ఎవడు పెట్టిండన్నదే క్వశ్చన్. నాకైతే భీమేశ్వరరావు సార్ మీదనే డౌట్. పంతొమ్మిదేండ్లు ఆయనకు గొడుగు పట్టిండు. చేతులు గుంజవా?”

“పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?”

గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడ్డ రాకేశ్, పాస్‌వర్డ్ అన్న మాట పట్టుకుని నవ్వాడు. “పాస్‌వర్డ్ తో సబ్‌కో పతా హై, దీదీ. మానిటర్ పర్ చిప్‌కా హై.”

నిజమే. మానిటర్ మీది పసుపుపచ్చ చీటీలో అందరికీ కనిపించేలా రాసి ఉంది. సమాచార భద్రత మీద సెమినార్ జరిగిన రోజున, ఎవరూ మర్చిపోకుండా అంటించినది.

ప్రణతి ఆ పేరు ఎప్పుడు చేరిందో చూసింది. మొన్న ఆదివారం, మధ్యాహ్నం రెండు.

“ఆదివారం బిల్డింగుకు తాళం కదా?” అని రాకేశ్‌ను హిందీలో అడిగింది.

“హాఁ దీదీ. చాబీ మేరే పాస్ రెహ్తీ హై,” అన్నాడు రాకేశ్, జేబులోని తాళంచెవి చూపిస్తూ గర్వంగా.

ఆదిత్య నెత్తి పట్టుకున్నాడు. “అయిపాయె. పోయిండు రాకేశ్ భయ్యా.”

గ్లాసు పట్టుకున్న చేయి ఆగిపోయింది. వాళ్లు మాట్లాడేది రాకేశ్‌కు అర్థం కాలేదు గానీ, తన పేరు వినిపించింది. పదకొండేళ్లుగా ఏటా కాంట్రాక్టు పొడిగించుకుంటూ బతుకుతున్నవాడికి అది చాలు. “క్యా హువా, దీదీ?”

ప్రణతి మళ్లీ స్క్రీన్ వైపు తిరిగింది. ఆదివారం. రెండు గంటలు. ఎక్కడో విన్న టైము. ఎక్కడో కాదు, తనే పెట్టిన టైము.

“అన్నా! అది మనిషి పెట్టింది కాదు. యంత్రమే పెట్టింది.”

“యంత్రానికి సార్ మీద ఏం పగనే?”

“ప్రతి ఆదివారం రెండింటికి అది పుస్తకాలన్నీ ఒకసారి చదువుతుంది. దాదాపు అన్నిట్లోనూ ఉన్న మాటను తీసి జాబితాలో పడేస్తుంది. అలా రాసింది నేనే. ‘అధ్యాయం’, ‘పట్టిక’ లాంటివి పోతాయనుకున్నాను. మొన్నటికి పుస్తకాలన్నీ ఎక్కడం పూర్తయింది.”

ఆమె వేళ్లు పరుగెత్తాయి. ఆ పేరున్న డిసర్టేషన్లెన్ని?

నాలుగు వందల పన్నెండుకు నాలుగు వందల పన్నెండు.

“ఒక్కటి గూడ తప్పలే,” అన్నాడు ఆదిత్య భక్తిగా.

ఇద్దరూ బీరువాల మీద పడ్డారు. చెదపురుగుల నివారణ మీద ఒకటి తీశారు. మొదటి పేజీలో: ‘ఈ శాస్త్రానికి సూర్యుడైన ఆచార్య నాగభూషణం గారికి సవినయ ప్రణామాలు.’ జైలు గ్రంథాలయాల మీద ఒకటి: అదే సూర్యుడు, అవే ప్రణామాలు. బ్రెయిలీ మీద ఇంకొకటి: అక్కడా సూర్యుడే. ప్రతి పుస్తకం చివర రిఫరెన్సుల్లో ఆయన వ్యాసాలు అయిదు.

ప్రాజెక్టుకు తను రాసిన డిసర్టేషన్ గుర్తొచ్చి ప్రణతి తల దించుకుంది. అందులో తనూ రాసింది. రాయకపోతే సంతకం పెట్టరని ఆఫీసులో చెప్పారు.

ఆఫీసు ఫైల్లో మూడో కాగితమే అలా రాయాలని ఆదేశించిన సర్క్యులర్. విభాగం మొదలైన ఏడాదిది. కింద ఆకుపచ్చ సిరాతో సంతకం. ప్రణతి దాన్ని ఊడదీసింది.

“ఆలోచించుకో,” అన్నాడు ఆదిత్య. “ఇది చూపిస్తివా, నీ డిగ్రీ యమునల కలుస్తది. రాకేశ్ పేరు చెప్తివా, నెలాఖరుకు జాయినింగు.”

గుమ్మంలో రాకేశ్ ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు. టీ చల్లారిపోయింది.

రెండు గంటలు.

భీమేశ్వరరావు ఆ రెండు కాగితాలూ బల్ల మీద బోర్లించి పెట్టి, ప్రణతి వైపు చూసి కొద్దిగా తలూపారు. నాగభూషణం కుర్చీలో వెనక్కి వాలారు. ఇంద్రాణీ సేన్ పెన్ను తీసింది.

“దొంగ దొరికాడని విన్నాను,” అన్నారు నాగభూషణం ఇంగ్లీషులో, ఆవిడకు కూడా అర్థమయ్యేలా. “భయపడకు. చెప్పు.”

“మేడమ్,” ప్రణతి కూడా ఇంగ్లీషులోనే, ఇంద్రాణి వైపు తిరిగి మొదలుపెట్టింది. “ఒక మాట ఒక్క పుస్తకంలోనే ఉంటే, అది ఆ పుస్తకానికి దారి చూపిస్తుంది. అన్ని పుస్తకాల్లోనూ ఉంటే ఏ దారీ చూపించదు. మాకు మొదటి సెమిస్టర్‌లో చెప్పే పాఠం ఇది. అలాంటి మాటను యంత్రం వదిలేస్తుంది.”

“అవును, నేనూ అదే చెప్తాను మా పిల్లలకి,” అంది ఇంద్రాణి. “అయితే?”

“సార్ పేరు నాలుగు వందల పన్నెండు డిసర్టేషన్లలోనూ ఉంది. అందుకే ‘ఆఫ్’ పక్కకు చేరింది.”

ఇంద్రాణి పెన్ను ఆగింది. నవ్వు రాకుండా ఆపుకోవడానికి ఆవిడ మంచినీళ్ల సీసా ఎత్తవలసి వచ్చింది.

“అమ్మాయ్!” అన్నారు భీమేశ్వరరావు తెలుగులో, పళ్ల మధ్య నుంచి. “రాకేశ్. రాకేశ్ అను.”

“ఒక్క క్షణం,” ఇంద్రాణి సీసా దించింది. “చెదపురుగుల మీద రాసినవాడికి కూడా ఆ పేరెందుకు? ఎవరు పెట్టించారు?”

ప్రణతి సర్క్యులర్‌ను ఆవిడ ముందు పెట్టి, పైకి చదివింది. కృతజ్ఞతల పేజీలో ఆ వాక్యం తప్పనిసరి. ఆ అయిదు వ్యాసాలు తప్పనిసరి. లేని డిసర్టేషన్ స్వీకరించబడదు.

నాగభూషణం తన ఆకుపచ్చ సిరాను గుర్తుపట్టారు. కుర్చీలో ముందుకు జరిగారు. ఆయన నోరు తెరిచే లోపు ఇంద్రాణి పెన్ను మళ్లీ కాగితం మీద పెట్టింది.

“రిపోర్టులో రాయాలి. సంతకం సరిగా కనబడటం లేదు. పేరు చెప్పు.”

ప్రణతి భీమేశ్వరరావు వైపు చూడలేదు. తెరిచి ఉన్న తలుపు వైపు చూసింది. అక్కడ రాకేశ్ ఉన్నాడు.

“ఆచార్య నాగభూషణం గారు,” అంది గట్టిగా.